తక్కువ ధర మైక్ స్టాండ్: ఏది కొనాలి, ఎలా నిలబెట్టాలి

ఊళ్లో భజన మండలి కొత్త మైక్ సెట్ కొనేటప్పుడు డబ్బులు ఒక వరసలో ఖర్చవుతాయి. ముందు ఆంప్లిఫయర్, తర్వాత బాక్సులు, ఆ తర్వాత మైకులు. స్టాండ్ దగ్గరికి వచ్చేసరికి చందా డబ్బులు అడుగంటుతాయి. దుకాణంలో ఆయన "ఇది తీస్కోండి అన్నా, మస్తు నడుస్తది" అని ఏది చూపిస్తే అదే ఆటో ఎక్కుతుంది. ఇంట్లోనే జానపద పాటలు రికార్డు చేసుకునే పిల్లలదీ ఇదే కథ. రెండో పాటకల్లా మైకు మెల్లగా తల వంచి హార్మోనియం మీదికి వాలుతుంది.

అలాగని తక్కువ ధర స్టాండ్లన్నీ పనికిరానివని కాదు. ఏరుకుని కొంటే, బరువు చూసుకుని నిలబెడితే మామూలు స్టాండ్ కూడా ఏళ్ల తరబడి నడుస్తుంది. కొనేటప్పుడు పొడవు, రంగు, మెరుపు పక్కన పెట్టి కీళ్లు చూడండి. స్టాండ్ ఎప్పుడు మొరాయించినా కీలు దగ్గరే మొరాయిస్తుంది.

ముందు మీ పని ఏదో తేల్చుకోండి

నిలబడి మాట్లాడటానికి, అంటే స్కూల్లో జెండా పండగకో గ్రామసభకో అయితే, గుండ్రటి ఇనుప బేస్ ఉన్న నిటారు స్టాండ్ చాలు. కాళ్లకు అడ్డం పడదు, జాగా తక్కువ తీసుకుంటుంది. కానీ దానికి పొడవాటి బూమ్, అంటే మైకును ముందుకు చాపే అడ్డ కడ్డీ, తగిలించొద్దు, పడిపోతుంది.

ఒక్కటే కొనగలం, అన్నిటికీ అదే కావాలి అంటే మూడు కాళ్ల బూమ్ స్టాండ్ తీసుకోండి. నిలబడి పాడేవాళ్లకు, టేబుల్ మీదుగా రికార్డింగ్‌కు, డోలు ముందుకు, అన్నిటికీ అదే తిరుగుతుంది.

భజన మండలి అయితే నా మాట వేరు. మీ వాళ్లంతా కింద కూర్చుని పాడతారు. కూర్చున్న మనిషి నోరు నేల నుంచి సుమారు 70, 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. పెద్ద స్టాండ్‌ను పూర్తిగా దించినా చాలావాటి కడ్డీ అంతకంటే పైనే ఆగుతుంది. బూమ్‌ను కిందికి వంచి సర్దుకోవచ్చు కానీ, అలా వంచిన స్టాండ్లు నాలుగు వరసగా పెడితే చూడటానికి వచ్చినవాళ్లకు పాడేవాళ్ల మొహాలే కనిపించవు. పొట్టి బూమ్ స్టాండ్లని విడిగా అమ్ముతారు. భజనకు, హార్మోనియానికి, డోలక్‌కు అవే కొనండి. పెద్దది ఒకటి ఉంటే చాలు.

టేబుల్‌కు బిగించే మడత చేయి, అదే రేడియో జాకీల ముందు కనిపించేది, ఫోన్‌కో కంప్యూటర్‌కో రికార్డు చేసుకునేవాళ్లకు బాగుంటుంది. అందులో మరీ చవక రకం స్ప్రింగులు తేలిక మైకును కూడా మోయలేవు, కదిలిస్తే కిర్రుమంటాయి. ఆ డబ్బుకు బూమ్ స్టాండే మేలు.

ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే పాడేవాళ్లు అసలు కొనకండి. టెంట్ హౌస్ వాళ్లో సౌండ్ సిస్టం వాళ్లో సెట్‌తో పాటే స్టాండ్ ఇస్తారు. ఆ స్టాండ్లకు మైకును పట్టి ఉంచే క్లిప్పులు మాత్రం సగం విరిగే ఉంటాయి. మీ మైకుకు సరిపోయే క్లిప్ ఒకటి సంచిలో వేసుకుని వెళ్లండి.

దుకాణంలో ఏం చూడాలి

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో సౌండ్ సామాన్ల దుకాణంలో చేత్తో పట్టుకుని చూసి కొనడం మంచిది. రకాలు ఎక్కువ చూడాలనుకుంటే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ ఉంది. ఎంజీబీఎస్‌లో బస్సు దిగితే దగ్గరే. మీ మైకు, క్లిప్ వెంట తీసుకెళ్లండి. బరువు వేలాడదీయకుండా స్టాండ్‌ను పరీక్షించలేరు.

మొదట చేత్తో ఎత్తి చూడండి. రెండున్నర కిలోల దగ్గర తూగే బూమ్ స్టాండ్ నేల మీద నిలకడగా ఉంటుంది. కిలో, కిలోంబావు ఉన్నది మోయడానికి హాయిగా ఉంటుంది, ఎవరి కాలికో వైరు తగిలితే దానితో పాటే వస్తుంది.

తర్వాత కాళ్లు విప్పండి. మూడు కాళ్లు కలిసే ముడి ప్లాస్టిక్‌దా, లోహందా చూడండి. పోత పోసిన లోహపు ముడి ఉంటే వంద, రెండు వందలు ఎక్కువైనా వెనకాడకండి. స్టాండ్ మొత్తంలో డబ్బు పెట్టదగిన చోటు అదే. కాళ్లు బిగించాక కడ్డీ పట్టుకుని అటూ ఇటూ ఊపండి. కొంచెం ఊగడం మామూలే. కిందనుంచి టక్కుటక్కుమని చప్పుడొస్తే పక్కన పెట్టేయండి.

మూడోది నిలువు కడ్డీ. పూర్తిగా పైకి లాగి, చేత్తో ఎంత బిగుస్తుందో అంతే బిగించి, పైనుంచి అరచేత్తో గట్టిగా నొక్కండి. జారితే వద్దు. కొత్తగా ఉన్నప్పుడే జారేది రెండేళ్ల తర్వాత ఆగదు.

అసలు పరీక్ష నాలుగోది. బూమ్‌ను పూర్తిగా ముందుకు లాగి, చివర మీ మైకు తగిలించి, నేలకు అడ్డంగా పెట్టి బిగించండి. ఇక బేరం మొదలుపెట్టండి. బేరం తెగేలోపు మైకు కిందికి దిగిందేమో చూడండి. దిగితే కీలులో పట్టు లేనట్టు. ఆ కీలు లోపల రెండు బిళ్లలు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఆపుతాయి. మధ్యలో రబ్బరో ఫైబరో వాషర్ ఉంటుంది. విప్పి చూపించమంటే మంచి దుకాణదారు చూపిస్తాడు. బిగించే పిడిని కూడా గమనించండి. ప్లాస్టిక్ పిడిలో ఇనుప బోల్టు దిగేసి ఉంటుంది. చవక స్టాండ్లలో కొన్నాళ్లకు పిడి తిరుగుతుంది, లోపల బోల్టు తిరగదు. ఇప్పుడే అక్కడ సన్నటి పగులేమైనా ఉందా చూడండి.

చివరగా మర. మైక్ స్టాండ్లకు ప్రపంచమంతటా ముఖ్యంగా రెండు సైజుల మరలున్నాయి. ఒకటి 5/8 అంగుళం, అంగుళానికి 27 చుట్లు. రెండోది 3/8 అంగుళం, అంగుళానికి 16 చుట్లు. రెండిటినీ కలిపే చిన్న బుష్ అడాప్టర్ దొరుకుతుంది. స్టాండ్‌తో వచ్చే ప్లాస్టిక్ అడాప్టర్ రెండుసార్లు విప్పితే అరిగిపోతుంది, ఇత్తడిది ఒకటి కొనుక్కోండి. మర పట్టడం లేదని బలవంతంగా తిప్పొద్దు. అడ్డమర పడితే క్లిప్ పని అయిపోయినట్టే. వైర్‌లెస్ మైకు పిడి మామూలు మైకు కంటే లావుగా ఉంటుంది కాబట్టి దానికి వేరే క్లిప్ అడిగి తీసుకోండి.

నిలబెట్టే వరస

స్టాండ్‌ను ముందు ఖాళీగా నిలబెట్టండి, మైకు ఆఖర్న. కాళ్లు వీలైనంత వెడల్పుగా చాపండి. అయితే మధ్య కడ్డీ అడుగు నేలకు తగలకూడదు. తగిలితే బరువంతా దాని మీద పడి కాళ్లు గాల్లో తేలతాయి, స్టాండ్ చుట్టూ తిరుగుతుంది. నేలకూ కడ్డీకీ మధ్య వేలెడు సందు ఉంచండి.

మూడు కాళ్లలో ఒకటి సరిగ్గా బూమ్ కిందికి, అంటే మైకు ఉన్న వైపుకు రావాలి. చాలామంది పట్టించుకోనిది ఇదే. రెండు కాళ్ల మధ్య సందు మీదుగా బూమ్ చాపితే కిలో బరువుకే స్టాండ్ ముందుకు ఒరుగుతుంది. కాలి మీదుగా చాపితే అదే స్టాండ్ నిలబడుతుంది. ఖర్చు లేని పని.

ఇక బూమ్ లెక్క. ఇది మన పాత ఏతం లాంటిదే, ముందు బాన బరువుకు వెనక బరువు సమాధానం చెప్పాలి. షూర్ ఎస్ఎం58 లాంటి పాట మైకు 300 గ్రాములకు కాస్త తక్కువ ఉంటుంది. కీలు నుంచి 80 సెంటీమీటర్ల దూరంలో దాన్ని పెట్టి, వెనక 20 సెంటీమీటర్ల దగ్గర సమం చేయాలంటే కిలో 200 గ్రాములు కావాలి. అదే బూమ్‌ను 40 సెంటీమీటర్లకు తగ్గిస్తే 600 గ్రాములు చాలు. అందుకే కీలును బిర్రుగా బిగించే ముందు బూమ్ అంత పొడవు అవసరమా అని చూడండి. స్టాండ్‌ను ఒక అడుగు దగ్గరికి జరిపితే సగం సమస్య పోతుంది. ఎస్ఎం7బి లాంటి స్టూడియో మైకు 750 గ్రాములు దాటుతుంది. దాన్ని చవక బూమ్ చివర పూర్తిగా చాపి పెట్టడం వద్దే వద్దు.

వెనక బరువుకు కొనాల్సిందేమీ లేదు. అర లీటరు నీళ్ల సీసాలో పొడి ఇసుక నింపితే ముప్పావు కిలో దాటుతుంది. మూతి దగ్గర తాడు కట్టి బూమ్ వెనక చివర వేలాడదీయండి. అది ఊగకుండా ఇంకో తాడుతో కడ్డీకి ఒక చుట్టు వేయండి. కాళ్ల మీద కూడా చిన్న ఇసుక సంచి వేస్తే పిల్లలు పరిగెత్తినా భయం లేదు.

బూమ్ ఏ వైపు చూడాలన్నది కూడా ముఖ్యం. కొన్ని స్టాండ్లలో మైకు బరువుకు బూమ్ కిందికి దిగుతుంటే పిడి వదులవుతుంది. బూమ్‌ను తిప్పి రెండో వైపుకు చాపితే అదే బరువు పిడిని ఇంకా బిగిస్తుంది. రెండు వైపులా పెట్టి చూసి, బిగిసే వైపుకు సుద్దతోనో పెయింట్‌తోనో గుర్తు పెట్టుకోండి. బిగించడానికి చెయ్యి చాలు. పానా వేసి తిప్పితే ఆ రోజుకు నిలుస్తుంది, మర్నాటికి మర పోతుంది. బూమ్ కోణం మార్చాలంటే ముందు పిడి వదులు చేసి మార్చండి. బిగించి ఉండగా చేత్తో వంచడం వల్లే లోపలి వాషర్లు అరుగుతాయి.

ఇప్పుడు మైకు పెట్టండి. వైరును బూమ్ చుట్టూ ఒకటి రెండు చుట్లు వదులుగా తిప్పండి. సైకిల్ ట్యూబు ముక్కలు కోసి రబ్బరు బద్దీల్లా వాడితే టేపు జిగురు అంటదు. వైరు కడ్డీ వెంటే కిందికి దిగి ఒక కాలి పక్కనుంచి బయటికి పోవాలి, కాలి దగ్గర మూరెడు వైరు చుట్టగా వదిలిపెట్టాలి. ఎవరైనా వైరు తొక్కితే ముందు ఆ చుట్ట సాగుతుంది, స్టాండ్ కదలదు.

నేల సంగతి

స్టేజీ ట్రాక్టర్ ట్రాలీ అయితే ఇనుప నేల డప్పు దెబ్బకు కంపిస్తుంది. టెంట్ హౌస్ బల్లల స్టేజీ మీద ఒగ్గు కథ ఆడితే అడుగు పడ్డప్పుడల్లా స్టాండ్‌లోంచి ధబ్ ధబ్‌మని మైకులోకి ఎక్కుతుంది. కాళ్ల కింద గోనె సంచిని నాలుగు మడతలు వేసి పరవండి. మిక్సర్‌లో లో కట్ బటన్ ఉంటే పాట మైకులకు నొక్కండి. అది 80, 100 హెర్ట్జ్ కిందున్న ధ్వనిని కోసేస్తుంది, గొంతుకు నష్టం లేదు.

తాండూరు బండల మీదా గ్రానైట్ మీదా కాళ్ల రబ్బరు బొడిపెలు ఊడిపోయిన స్టాండ్ జారుతుంది. చెర్వుగట్టు, కురుమూర్తి లాంటి గుట్టల మీద జాతరల్లో గాలి ఎక్కువ కాబట్టి ఇసుక సంచి, మైకుకు స్పాంజి టోపీ రెండూ తప్పనిసరి.

ఎవరి ముందు ఎలా

పాడేవాళ్లకు మైకు నోటికి కొంచెం కింద నుంచి, గడ్డం వైపు నుంచి పైకి చూస్తూ ఉండాలి. లైవ్‌లో బెత్తెడు దూరం చాలు. ఇద్దరు ముగ్గురికి విడివిడిగా మైకులు పెడితే, నోటికీ మైకుకూ ఎంత దూరమో దానికి కనీసం మూడింతలు మైకుకూ మైకుకూ మధ్య ఉండాలి. దగ్గరగా గుచ్చిపెడితే ఒకరి గొంతు ఇంకొకరి మైకులో పడి మొత్తం డొల్లగా వినిపిస్తుంది. మూడు స్టాండ్లు పెట్టే జాగా లేకపోతే కోరస్‌కు ఒకే మైకు పెట్టి అందరినీ దాని చుట్టూ కూర్చోబెట్టండి. నాకైతే భజనల్లో అదే బాగా వినిపిస్తుంది.

హార్మోనియానికి పొట్టి స్టాండ్, పైనుంచి జానెడు ఎత్తులో. వెనక తిత్తి ఆడే వైపుకు మైకు తిప్పితే తిత్తి చప్పుడే ఎక్కువ వస్తుంది. డప్పుకు అంత దగ్గర అక్కర్లేదు. నడుము ఎత్తులో రెండు మూడు అడుగుల దూరాన ఒకటి పెడితే సరిపోతుంది, చాలాసార్లు అసలు మైకే అవసరం లేదు. ఒగ్గు కథలో కథకుడు తిరుగుతూ ఉంటాడు. ఆయనకు స్టాండ్ పెడితే కాళ్లకు అడ్డమే, వైర్‌లెస్ ఇచ్చి స్టాండ్లను వెనక వంత పాడేవాళ్లకు ఉంచండి.

కిన్నెర కొంచెం ఓపిక అడుగుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిన పన్నెండు మెట్ల కిన్నెర ఇదే. మీ ఊళ్లో కిన్నెర వాయించే పెద్దాయన దొరికితే రికార్డు చేయండి. తీగల చప్పుడు సన్నగా ఉంటుంది, దాన్ని పెద్దది చేసేది సొరకాయ బుర్రలు. గొంతుకొకటి, వాద్యానికొకటి మైకులు పెట్టాలనిపిస్తుంది. కానీ రెండూ ఒకే మనిషి ఒళ్లోనే ఉన్నప్పుడు పైన చెప్పిన మూడింతల దూరం కుదరదు. ఒకే మైకును బూమ్ మీద పెట్టి, రెండడుగుల దూరంలో, ఛాతీ ఎత్తు నుంచి మొదలుపెట్టి, గొంతు ఎక్కువైతే కిందికి, తీగ ఎక్కువైతే పైకి బెత్తెడు బెత్తెడు జరుపుతూ వినండి. స్టాండ్ కీలు మంచిదైతే ఈ జరపడం నిమిషంలో పని.

ఇంట్లో రికార్డింగ్

టేబుల్ మీద పెట్టే చిన్న స్టాండ్‌కు టేబుల్ మీద జరిగే ప్రతి చప్పుడూ తెలుస్తుంది. బూమ్ స్టాండ్‌ను నేల మీద, టేబుల్‌కు తగలకుండా నిలబెట్టి బూమ్‌ను మాత్రం టేబుల్ మీదికి చాపండి. కాళ్ల కింద గొంగడి మడత వేయండి. ఇంకో గొంగడి ఉంటే పాడే మనిషి వీపు వెనక తాడు మీద ఆరేస్తే గది గోడల ప్రతిధ్వని తగ్గుతుంది, బొంత అయినా పర్లేదు. నోటికీ మైకుకూ మధ్య జానెడు, ఆ మధ్యలో పాప్ ఫిల్టర్, అంటే ప, బ పలికేటప్పుడు వచ్చే గాలి దెబ్బను ఆపే పల్చటి తెర. ఫిల్టర్ మెడ వంగిపోతుంటే దాన్ని బూమ్‌కు కాకుండా నిలువు కడ్డీకి బిగించండి, బూమ్ మీద బరువు పెరగదు. కూలర్ బంద్ చేయక తప్పదు, మే నెలలో అయినా.

కూత పెట్టినా, షాక్ కొట్టినా

మైకు కుయ్యిమంటే చాలామంది మిక్సర్ వైపు పరిగెత్తుతారు. ముందు స్టాండ్ జరపండి. పాట మైకులు సాధారణంగా ముందు నుంచి ఎక్కువ, వెనక నుంచి తక్కువ వింటాయి. అంటే బాక్సులు మైకుల కంటే ముందు వరసలో, జనం వైపు చూస్తూ ఉండాలి. పాడేవాళ్ల కోసం పెట్టిన చిన్న మానిటర్ బాక్స్ మైకు తోక వైపు ఉండాలి. మైకు తలను గుప్పిట్లో మూస్తే కూత ఇంకా పెరుగుతుంది. స్టాండ్ మీద పెట్టి పాడమని చెప్పడానికి ఇదొక మంచి కారణం.

పెదవికి మైకు తగలగానే చురుక్కుమంటే పాట అక్కడే ఆపండి. మైకు ఒళ్లు వైరు ద్వారా ఆంప్లిఫయర్ బాడీకి కలిసి ఉంటుంది. ఎర్తింగ్ లేని చోట, తాత్కాలికంగా లాగిన కరెంటు మీద, తడి నేల మీద ఇది ప్రాణాల మీదికి రావచ్చు. స్పాంజి టోపీ వేస్తే చురుకు తెలియకుండా పోతుంది కానీ ప్రమాదం పోదు. మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గులు మార్పించి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించాకే మళ్లీ మొదలుపెట్టండి.

చిన్న రిపేర్లు

కీలు జారుతుంటే విప్పి, బిళ్లల మీద దుమ్ము, జిడ్డు స్పిరిట్‌తో తుడిచి, పాత సైకిల్ ట్యూబులోంచి గుండ్రంగా కోసిన వాషర్ మధ్యలో వేయండి. నూనె మాత్రం ఎక్కడా వేయొద్దు, పట్టు ఉండాల్సిన చోట జారుడు తెచ్చుకున్నట్టు అవుతుంది. నిలువు కడ్డీ జారుతుంటే బోరు మోటారు సామాన్ల దుకాణంలో పైపులకు వేసే హోస్ క్లిప్ కొని, మీకు కావాల్సిన ఎత్తులో లోపలి కడ్డీకి, పిడికి ఆనేట్టు బిగించండి. అంతకంటే కిందికి దిగలేదు. కడ్డీ మీద ఆ ఎత్తుల దగ్గర గీతలు పెట్టుకుంటే ప్రతిసారీ కొలవక్కర్లేదు.

పిడిలో బోల్టు వట్టిగా తిరుగుతుంటే జిగురుతో కాలం గడపకండి. బోల్టును తీసుకెళ్లి అదే మరకు సరిపోయే రెక్కల నట్టో, తల మీద చిన్న ఇనుప కడ్డీ అతికించిన బోల్టో వెల్డింగ్ షాపులో చేయించుకోండి. కొత్త స్టాండ్ కొనడంలో పదో వంతు కూడా కాదు. ఊడిన రబ్బరు బొడిపెలకు ముసలివాళ్ల చేతికర్రకు వేసే రబ్బరు బూట్లు మెడికల్ షాపులో దొరుకుతాయి. కాలి గొట్టం మందం కొలిచి తీసుకెళ్లండి.